ట్రైనింగ్ అయ్యాక తరగతిలో ఏం మారింది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టీచర్ల శిక్షణల గురించి, బళ్లలో నడిచే రకరకాల కార్యక్రమాల గురించి రాయమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో కొన్ని కోపంగా ఉన్నాయి, ఎక్కువ అలసటగా ఉన్నాయి. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎస్జీటీని (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్). ఏటా ఏదో ఒక ట్రైనింగ్ ఉంటుంది. ఆఖరి రోజు సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం చేతిలో పెడతారు, బస్సు పోతుందన్న తొందరలో అందరం 'చాలా బాగుంది' దగ్గర టిక్కు పెట్టి వచ్చేస్తాం. తర్వాత రోజు పేపర్లో 'శిక్షణ విజయవంతం' అని వస్తుంది. దీన్నేనా మూల్యాంకనం అనేది? – పార్వతీపురం

జవాబు: అనకూడదు. కానీ చాలాచోట్ల అంతకుమించి జరగడం లేదన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లో ఒక పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు. ఏ శిక్షణనైనా నాలుగు మెట్లలో చూడాలన్నాడు: వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, తిరిగి వెళ్లాక పని చేసే తీరు మారిందా, ఆ మార్పు వల్ల ఫలితం ఏమైనా వచ్చిందా. ఆయన రాసింది కంపెనీల శిక్షణల గురించి, అయినా బడికి చక్కగా అతుకుతుంది. మీరు నింపిన ఫారం మొదటి మెట్టు మీదే కూర్చుంది. అది కూడా పూర్తిగా కాదు, ఎందుకంటే ఆ ఫారంలో అడిగేవి హాలు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ బాగా మాట్లాడారా అని. బాగా మాట్లాడేవాళ్లు మనకు కొదవా?

సరే, మూడో మెట్టు చూద్దాం, అంటే తరగతికి ఎవరైనా వచ్చి కూర్చుని చూడటం. ఇక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పల్లె బళ్లలో కొన్ని పెద్ద ప్రయోగాలు చేశాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వాటిని నడిపారు. అందులో ఒకటి ఇది. వంద బళ్లలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచర్లకు వివరంగా రిపోర్టు ఇచ్చారు, దాన్ని ఎలా వాడుకోవాలో రాసిచ్చారు, ఏడాది పొడవునా మనుషులు వచ్చి తరగతులు చూసి వెళ్లారు. చూసినప్పుడల్లా ఆ టీచర్లు మామూలు బళ్ల టీచర్ల కంటే చురుగ్గానే కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే పిల్లల మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. ఎవరో చూస్తున్నప్పుడు బాగా చెప్పడం వేరు, రోజూ బాగా చెప్పడం వేరు. కాబట్టి మూడో మెట్టు దగ్గర ఆగినా మోసపోవచ్చు, పిల్లవాడి దాకా వెళ్లాల్సిందే.

ఇంకోసారి ఫారం ఇచ్చినప్పుడు చివర ఖాళీ ఉంటే ఇలా రాయండి: 'నెల తర్వాత మా తరగతికి వచ్చి చూడండి.' ఎవరూ రారనుకోండి, అయినా రాయండి.

ప్రశ్న: నేను మండల రిసోర్స్ పర్సన్‌గా చేస్తున్నాను. రాష్ట్రంలో ఐదు రోజులు చెప్పింది జిల్లాలో మూడు రోజులవుతుంది, మా మండలానికి వచ్చేసరికి ఒకటిన్నర రోజు. పీపీటీ ఒకటే, చెప్పేవాళ్లు మారతారు. నేను చెప్పే సబ్జెక్టు నాకే పూర్తిగా పట్టుబడలేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. ఈ పద్ధతి మార్చే దారి లేదా? – నల్గొండ

జవాబు: ఉంది. మన దేశంలోనే చేసి చూపించారు, అదీ ప్రభుత్వ బళ్లలో.

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పిల్లల్ని తరగతి ప్రకారం కాకుండా చదవగలిగే స్థాయి ప్రకారం గుంపులు చేసి చెప్పే పద్ధతి వాళ్లది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో మీరు 'టార్ల్' (టీచింగ్ ఎట్ ద రైట్ లెవెల్) అని వింటుంటారే, అదే. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పద్ధతిని ఏళ్ల తరబడి రాష్ట్రం తర్వాత రాష్ట్రం పరీక్షించారు. నాకు నచ్చేది ఏమిటంటే, పని చేయని చోట్ల గురించి కూడా దాచకుండా రాశారు.

బిహార్‌లో వేసవి సెలవుల్లో ప్రభుత్వ టీచర్లే నెల రోజులు శిబిరం నడిపితే పిల్లలు కొంత నేర్చుకున్నారు. అదే పద్ధతిలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి బడి రోజుల్లో వాడుకోమని వదిలేస్తే ఏమీ కాలేదు. ఉత్తరాఖండ్‌లోనూ అంతే. శిక్షణ బాగాలేక కాదు, సామగ్రి లేక కాదు, టీచర్లకు చేతకాక అసలే కాదు (వేసవిలో చేసి చూపించారు కదా). జూన్ రాగానే సిలబస్ వచ్చి మీద కూర్చుంటుంది. ఐదో తరగతి టీచర్ ఐదో తరగతి పుస్తకమే పూర్తి చేయాలి, ముందు బెంచీ పిల్లలకు చెప్పుకుంటూ పోవాలి. ట్రైనింగులో నేర్చుకున్నది చేయడానికి టైంటేబుల్లో పీరియడే లేదు.

దాన్ని గుర్తించి 2012-13లో హరియాణాలో తీరు మార్చారు. మొదటి మార్పు, రోజూ ఒక గంట ఈ పనికే అని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఆ గంటలో సిలబస్ ఊసు లేదు, పిల్లలు తరగతి వదిలి తమ స్థాయి గుంపులోకి వెళ్తారు. రెండో మార్పు మీకు సంబంధించింది. మీలాంటి బ్లాకు స్థాయి రిసోర్స్ పర్సన్లకు ముందు కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, వెంటనే ఊరి బడికి పంపి పదిహేను ఇరవై రోజులు స్వయంగా పిల్లలకు పాఠాలు చెప్పించారు. అదయ్యాకే వాళ్లు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, తర్వాత బళ్లకు వెళ్లి పక్కన నిలబడి సాయం చేశారు. హిందీ చదవడంలో పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు.

నా దృష్టిలో కీలకం ఆ పదిహేను ఇరవై రోజులే. ఎదురుగా పిల్లలు కూర్చుని, సగం మందికి అర్థం కాక, ఒకడు కిటికీలోంచి చూస్తూ ఉంటే ఏం చేయాలో తెలిసిన మనిషి శిక్షణ ఇస్తే టీచర్లు వింటారు. స్లైడు చదివితే వినరు, వినాల్సిన పనీ లేదు. మీ మండలంలో ఉత్తర్వు లేకుండానే దీన్ని చిన్నగా మొదలుపెట్టవచ్చు: మీకు చెప్పమని ఇచ్చిన అంశాన్ని ముందు మీకు దగ్గరలోని ఒక బడిలో వారం రోజులు చెప్పి చూడండి. ఏది పని చేయలేదో అదే మీ ట్రైనింగ్ మొదటి గంట అవుతుంది.

ఇంకో మాట. దక్షిణాఫ్రికాలో నార్త్ వెస్ట్ రాష్ట్రంలో టీచర్లందరికీ ఒకే పాఠ్య ప్రణాళికలు, ఒకే పుస్తకాలు ఇచ్చి, కొందరిని ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు, కొందరి దగ్గరకు కోచ్ నెలనెలా తరగతికే వెళ్లాడు. రెండేళ్లకు చూస్తే కోచ్ వెళ్లిన బళ్ల పిల్లలు చదవడంలో సాధించిన లాభం, ట్రైనింగ్ హాలుకు వెళ్లొచ్చిన టీచర్ల పిల్లలకంటే దాదాపు రెట్టింపు. ఖర్చు కూడా ఎక్కువే, అది దాచకూడదు. కానీ మనకు సీఆర్పీలు (కొన్ని బళ్లను కలిపి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఇప్పటికే ఉన్నారు, జీతాలు ఇస్తూనే ఉన్నాం. వాళ్ల చేత యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, యూనిఫాం లెక్కలు రాయించడం ఆపితే కోచ్‌లు దొరికినట్టే.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, మాది గుంటూరు జిల్లా. స్నేహితులం కొంతమంది చందాలు వేసుకుని మా ఊరు, చుట్టుపక్కల ఊళ్ల ప్రభుత్వ బళ్లకు టీచర్ ట్రైనింగ్, డిజిటల్ పాఠాలు ఏర్పాటు చేశాం. జూన్‌లో ఒక పరీక్ష, మార్చిలో ఒక పరీక్ష పెట్టాం. మార్కులు బాగా పెరిగాయి. మా బావమరిది మాత్రం 'మీరు పెట్టకపోయినా పెరిగేవి' అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీ బావమరిదికి నా తరఫున ఒక కాఫీ ఇప్పించండి.

పెరిగే వయసులో ఉన్న పిల్లాడికి ఏ టానిక్ పోసినా పొడుగవుతాడు, మనం టానిక్‌ను మెచ్చుకుంటాం. జూన్ నుంచి మార్చి దాకా బడికి వెళ్లిన పిల్లలకు ఎంతో కొంత వస్తుంది, మీ డబ్బు ఉన్నా లేకపోయినా. మీకు తెలియాల్సింది మీ కార్యక్రమం లేకపోతే ఎంత వచ్చేదో. అది తెలియాలంటే మీరు సాయం చేయని బళ్లలో కూడా అదే పరీక్ష, అదే రోజుల్లో పెట్టాలి. ఆ బళ్లు ఏరి కోరి తెచ్చినవి కాకూడదు. ఉత్సాహం ఉన్న హెడ్మాస్టర్ల బళ్లన్నీ మీరు తీసుకుని, మిగిలినవాటితో పోలిస్తే మీరే గెలుస్తారు, అందులో గొప్పేముంది. పోనీ బాగా వెనకబడిన బళ్లనే ఎంచుకున్నారనుకోండి, అప్పుడు ఇంకో చిక్కు. ఒక ఏడాది మరీ తక్కువ మార్కులొచ్చిన బడికి తర్వాతి ఏడు కొంచెం పైకి రావడం మామూలే, ఆ పైకి రావడం కూడా మీ ఖాతాలో పడిపోతుంది.

అందుకే చీటీలు వేస్తారు. పైన చెప్పిన 2005 నాటి ప్రయోగాల్లో ఐదు జిల్లాల్లో ఐదు వందల బళ్లు తీసుకుని ఏ బడికి ఏ సాయం వెళ్లాలో లాటరీతో తేల్చారు. మీ దగ్గర అన్ని బళ్లు ఉండవు, సంఖ్య చిన్నదైతే తేలే నిజం కూడా ఖచ్చితంగా ఉండదు. అయినా ఒక పని చేయొచ్చు. వచ్చే ఏడాది కొత్తగా పది బళ్లకు సాయం చేయాలనుకుంటే ఊరి పెద్దల ఎదుటే చీటీలు తీయండి, సగానికి ఈ ఏడు, మిగతా సగానికి పై ఏడు. ఎవరికీ అన్యాయం జరగదు, ఎలాగూ అందరికీ ఒకేసారి ఇచ్చే డబ్బు మీ దగ్గర లేదు. ఈ ఏడాదికి మీకు పోలిక దొరుకుతుంది. పరీక్ష మాత్రం మీ ట్రైనింగ్ ఇచ్చినవాళ్ల చేత పెట్టించకండి. దగ్గరలో డిగ్రీ కాలేజీ పిల్లలుంటారు, ఒక రోజు నేర్పిస్తే చక్కగా చేస్తారు. జూన్ పేపరే మార్చిలో మళ్లీ ఇచ్చారేమో కూడా కనుక్కోండి, ఇస్తే ఆ మార్కులు పక్కన పెట్టేయండి.

డబ్బు ఇచ్చేవాళ్లకు ఉపయోగపడే సంగతి ఒకటుంది. అదే ప్రయోగాల్లో కొన్ని బళ్లకు నోటు పుస్తకాలు, సామగ్రి కొనుక్కోమని గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడు ఎవరూ ఊహించలేదు, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు వస్తుందని ఇళ్లలో ముందే తెలుసు, తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో లాభం పోయింది. తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, పేద ఇంట్లో అది తెలివైన పనే. కాకపోతే ఇంట్లో ఎలాగూ కొనేవి మీరు కొనిస్తే మీ డాలర్లు బియ్యం, నూనెకు వెళ్తాయి. ఇంట్లో కొనలేనిది ఇవ్వండి. మంచి టీచర్‌కు వారం వారం తోడుండే మనిషి అలాంటిది. టీవీ తెర అలాంటిదో కాదో మీరే ఆలోచించుకోండి, నాకైతే నమ్మకం తక్కువ.

ప్రశ్న: మా బడిలో నాలుగో తరగతి ఎఫ్ఏ (బడిలో మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ పరీక్ష) మార్కులు చూస్తే అందరికీ ఏ, బీ గ్రేడ్లే. తనిఖీకి వచ్చిన అధికారి గోడ మీద ఉన్న వాక్యం చదవమంటే నలుగురు నోరు విప్పలేదు. సంజాయిషీ నన్ను అడిగారు. అబద్ధం ఎవరిది? – ఒక ప్రధానోపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇది ఒక్క మీ బడి రోగం కాదు, మీ టీచర్ ఒక్కరి అబద్ధం కూడా కాదు. పాఠం చెప్పేవాళ్లే పేపర్ ఇచ్చి, వాళ్లే దిద్ది, మార్కులు తగ్గితే తిట్లు తినాల్సి వస్తే ఆ మార్కులు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్షలో పిల్లలు రాసిన ప్రశ్నలనే మళ్లీ బయటివాళ్ల చేత అడిగించాడు. అధికారిక మార్కులకూ పిల్లలకు నిజంగా వచ్చినదానికీ మధ్య పెద్ద గొయ్యి కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆయనే కాగితం పరీక్షను, బయటి మనుషులు ట్యాబుల మీద పెట్టే పరీక్షను పోల్చి చూశాడు. కాగితం మీద ఉబ్బిన మార్కులు ట్యాబు మీద చాలా వరకు దిగొచ్చాయి. ట్యాబుకు మంత్రం ఏమీ లేదు, ఒక్కో పిల్లవాడికి ప్రశ్నల వరుస మారుతుంది, జవాబులు చెప్పేసే చెయ్యి అడ్డం రాదు, అంతే.

మన దగ్గర నాలుగు రకాల కొలతలు ఉన్నాయి, నాలుగూ నాలుగు మాటలు చెబుతాయి. ఎఫ్ఏలు, ఎస్ఏలు (టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్షలు) బడిలోవి. కేంద్రం జరిపే నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే 2017లో, 2021లో జరిగింది, దాని స్థానంలో 2024 డిసెంబరులో పరఖ్ సర్వే వచ్చింది, మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు. ఇక ప్రథమ్ వాళ్ల సర్వే అసర్ 2005 నుంచి నడుస్తోంది. వాళ్లు బడికి రారు, ఇంటికి వెళ్లి పిల్లవాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి చదివిస్తారు. 2024 అసర్‌లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతం. మీ ఎఫ్ఏ రిజిస్టర్‌ను ఈ లెక్క పక్కన పెట్టుకుని చూస్తే మీ అధికారికి అంత ఆశ్చర్యం కలగకూడదు.

పరీక్షలు పెంచితే బాగుపడుతుందనుకునేవాళ్లకు ఒక మాట. హరియాణాలోనే, పైన చెప్పిన గంట పద్ధతితో పాటే, సీసీఈని (నిరంతర సమగ్ర మూల్యాంకనం) కూడా విడిగా పరీక్షించారు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, రికార్డులు ఇచ్చారు, ప్రతి పిల్లవాడి ప్రగతినీ రాయమన్నారు. పిల్లల చదువులో మార్పు కనిపించలేదు. రిజిస్టర్లు నిండాయి. మనం ఏళ్ల తరబడి చేస్తున్న పని కాబట్టి ఈ ఫలితం చదివినప్పుడు నాకు కోపం కంటే నవ్వే వచ్చింది.

మీరు చేయగలిగింది చెబుతాను. ఒక్కో పిల్లవాణ్ని విడిగా పిలిచి, మిగతావాళ్లకు వినపడకుండా, చదివించండి. మొదట ఓ చిన్న కథ, చదవలేకపోతే నాలుగు వాక్యాల పేరా, అదీ కాకపోతే సులువైన మాటలు, అదీ కాకపోతే అక్షరాలు. తెలుగులో ఇంకొక మెట్టు మనమే కలుపుకోవాలి: గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది, వాళ్లను 'చదువు రానివాళ్ల'లో వేసేస్తే అన్యాయం. లెక్కల్లో అయితే అప్పు తెచ్చుకునే తీసివేత, తర్వాత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఈ లిస్టు మీ దగ్గరే ఉంచుకోండి, పైకి పంపకండి. పైకి వెళ్లిందంటే వచ్చే నెల నుంచి అది కూడా ఏ, బీ గ్రేడ్లే చూపిస్తుంది.

సంజాయిషీ ఎలా రాయాలంటారా? ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ నలుగురూ ఏ మెట్టు దగ్గర ఉన్నారో జత చేయండి.

ప్రశ్న: మా పిల్లల ప్రైవేటు స్కూల్లో 'ట్రైన్డ్ ఫ్యాకల్టీ' అని పెద్ద ఫ్లెక్సీ పెట్టారు. దాన్ని నమ్మి ఫీజు కట్టవచ్చా? – కర్నూలు

జవాబు: ఫ్లెక్సీని నమ్మి ఏదీ కట్టకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి నాలుగేళ్లు నడిచిన ఇంకో ప్రయోగంలో, లాటరీలో గెలిచిన పేద పిల్లల్ని వోచర్లతో (ఫీజు కింద చెల్లే చీటీలు) ప్రైవేటు బళ్లకు పంపారు. నాలుగేళ్లకు తెలుగు, లెక్కల్లో వాళ్లకూ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా లేదు, హిందీలో మాత్రం ముందున్నారు, ఎందుకంటే అక్కడ ఆ సబ్జెక్టు చెప్పారు. అక్కడి టీచర్లకు జీతం చాలా తక్కువ, శిక్షణ కూడా తక్కువ. ఒక్కో పిల్లాడి మీద ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. శిక్షణ ఉంటే చాలదు, లేకపోతే కొంప మునగదు అని రెండూ అర్థమవుతాయి. స్కూలుకు వెళ్లి ప్రిన్సిపల్‌ను ఒకటే అడగండి: కొత్త టీచర్ చేరితే మొదటి నెల వాళ్ల క్లాసులో వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు? సీసీ కెమెరా అన్నారంటే లేచి వచ్చేయండి.

ప్రశ్న: పిల్లల మార్కులకు టీచర్ల జీతం ముడిపెట్టాలని కొందరు మేధావులు అంటున్నారు. మీరూ ఆ బాపతేనా? – ఒక సంఘం నాయకుడు, అనంతపురం

జవాబు: కోపం అర్థమైంది, కానీ ఉన్నది చెప్పాలి కదా. ఆ ఐదు వందల బళ్ల ప్రయోగంలో ప్రధానమైంది అదే. జీతం కోయలేదు, పిల్లల సగటు మార్కుల్లో ఐదు శాతం దాటాక పెరిగిన ఒక్కో శాతానికి 500 రూపాయల బోనస్ ఇచ్చారు. సగటున అది ఏడాది జీతంలో మూడు శాతం దగ్గర. రెండేళ్లకు ఆ బళ్ల పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. అంటే మిగతా సబ్జెక్టులు గాలికొదిలి బోనస్ వచ్చేవాటినే రుద్దారన్న భయం నిజం కాలేదు.

అందులోనే ఇంకో ముక్క ఉంది, నాకు దాని మీదే ఎక్కువ ఆసక్తి. మామూలు బళ్లలో టీచర్‌కు ఎంత శిక్షణ ఉందన్నదానికీ పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నదానికీ సంబంధం కనపడలేదు. బోనస్ ఉన్న బళ్లలో కనపడింది. శిక్షణ ఉన్నవాళ్లు అక్కడ ఎక్కువ సాధించారు. శిక్షణ వృథా పోలేదు, వాడుకోవాలనిపించే కారణం దొరకలేదు, అంతే. ఆ కారణం డబ్బే కానక్కర్లేదు. గుర్తింపు కావచ్చు, కోరుకున్న చోటికి బదిలీ కావచ్చు, పదోన్నతిలో పాయింట్లు కావచ్చు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల శిక్షణలను పోల్చినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది: పదోన్నతితోనో జీతంతోనో ముడిపడ్డవి, ఒక సబ్జెక్టు మీదే నిలిచినవి, హాల్లోనే టీచర్ల చేత పాఠం చెప్పించి చూసినవి పిల్లల దాకా చేరాయి.

నేను ఈ బోనస్‌ను రాష్ట్రమంతా పెట్టమంటానా? ఇప్పుడున్న మార్కుల మీద అయితే పెట్టనివ్వను. ఖమ్మం మేడమ్‌కు రాసిన జవాబు మళ్లీ చూడండి. ఆ ప్రయోగంలో పరీక్షలు బయటివాళ్లు పెట్టారు, బయటివాళ్లు దిద్దారు. మనం ఎఫ్ఏ మార్కుల మీద డబ్బులిస్తే ఏం పెరుగుతుందో మీకూ నాకూ తెలుసు.

ప్రశ్న: నేను రిటైరయ్యాను. ఎనభైల చివర్లో ఏపీపెప్ ట్రైనింగ్ తీసుకున్నాను, గోడల నిండా పిల్లల బొమ్మలు తగిలించాం. ఇప్పటి పిల్ల టీచర్లకు దాని పేరు కూడా తెలియదు. అంత ఖర్చు, అంత హడావుడి, ఏమైనా మిగిలిందా? – రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఎనభైల్లో కొద్ది బళ్లలో మొదలై తొంభైల నాటికి రాష్ట్రమంతా పాకింది. గదులు కట్టారు, టీచర్ సెంటర్లు పెట్టారు, చేసి నేర్చుకోవడం, జట్టు పని, ఒక్కో పిల్లవాడి తేడాను గుర్తించడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడకు పెట్టడం లాంటి ఆరు సూత్రాలు చెప్పారు. ఇంగ్లండ్ నుంచి విద్యా పరిశోధకులు వచ్చి దాని మూల్యాంకనం మీద పనిచేశారు, ఆ పద్ధతుల గురించి 1993లో అక్కడి పత్రికలో వ్యాసం కూడా వచ్చింది.

మిగిలింది మీ టీచర్ సెంటరే, పేరు మారి స్కూల్ కాంప్లెక్స్ అయింది. ఆరు సూత్రాల్లో గోడకు తగిలించేదే అందరూ ముందు చేశారు, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లకు గుమ్మంలోంచే కనపడుతుంది. ఒక్కో పిల్లవాడి తేడాను గుర్తించడం గుమ్మంలోంచి కనపడదు. ఇప్పటి టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాలు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు అదే కాలంలో వేరే దారి పట్టారు. ఒకే టీచర్, ఐదు తరగతులు ఉండే పల్లె బళ్ల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, పిల్లవాడు తనెక్కడున్నాడో తనే నిచ్చెన మీద చూసుకునేలా చేశారు. టీచర్ల శిక్షణ ఆ బళ్లలోనే, పిల్లల మధ్యే. చెన్నై కార్పొరేషన్ బళ్లు 2003లో దాన్ని తీసుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతా పాకింది. కార్డులు అచ్చు వేయడం ఏ ప్రభుత్వానికైనా సులువే, పిల్లల మధ్య శిక్షణే కష్టం.

ప్రశ్న: ఏడాదికి యాభై గంటల శిక్షణ అంటున్నారు. దీక్షలో (టీచర్లకు ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ వేదిక) కోర్సు పెట్టి కూర వండుకుంటున్నాను. సర్టిఫికెట్ వస్తోంది. తప్పా? – పేరూ ఊరూ వద్దు

జవాబు: కూర బాగా కుదిరితే తప్పు లేదు. యాభై గంటలన్నది 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. గంటలు లెక్కపెడితే గంటలే వస్తాయి. మధ్యప్రదేశ్‌లో బడి బడికీ స్వయం మూల్యాంకనం, అభివృద్ధి ప్రణాళిక అని ఒక పెద్ద కార్యక్రమం నడిచింది, కాగితాలన్నీ పద్ధతిగా నిండాయి, పరిశోధకులు వెళ్లి చూస్తే తరగతిలో గానీ పిల్లల చదువులో గానీ ఏమీ మారలేదు. అయినా దాన్ని విజయంగానే లెక్కేసి దేశమంతా లక్షల బళ్లకు తీసుకెళ్లారు. మీ కూర దాని ముందు చాలా చిన్న నేరం.

ప్రశ్న: డబ్బు లేదు, ఉత్తర్వు లేదు, నా తరగతి ఒక్కటే నా చేతిలో ఉంది. ఈ జూన్‌లో ఏం చేయను? – ఆదిలాబాద్

జవాబు: మొదటి వారం పుస్తకం తెరవకండి. ఖమ్మం మేడమ్‌కు చెప్పిన పద్ధతిలో ఒక్కొక్కరినీ చదివించి ఒక నోటు పుస్తకంలో పేరు ఎదురుగా తేదీ, మెట్టు రాసుకోండి. ఇంట్లో గోండీయో లంబాడీయో మాట్లాడే పిల్లలుంటే ఆ సంగతి కూడా పక్కన రాసుకోండి, వాళ్లు ఆగేచోటు వేరుగా ఉంటుంది. రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత ఒక గంట ఆ గుంపులకు ఇవ్వండి, మీ హెచ్ఎం ఒప్పుకుంటే పక్క తరగతి పిల్లల్ని కూడా కలుపుకోండి. సెప్టెంబరులో మళ్లీ చదివించాలి, ఈసారి మీరు కాదు. పక్క ఊరి బడిలో మీకు తెలిసిన టీచర్ ఉంటారు, వాళ్ల పిల్లల్ని మీరు చూడండి, మీ పిల్లల్ని వాళ్లు చూస్తారు. కాంప్లెక్స్ మీటింగ్ రోజున మాట్లాడి పెట్టుకుంటే సరిపోతుంది. కథ మాత్రం జూన్‌లో చదివించినది కాకుండా వేరేది తీసుకెళ్లమనండి.